ఒంటిచేతి పటాలం

మా మేనత్త పోయిందన్న కబురు నాకు తుపాకుల మోత మధ్య అందింది. విశాఖపట్నంలో మాది ఫోన్లలో ఆడుకునే ఆటలు తయారుచేసే చిన్న కంపెనీ. అందులో నాది శబ్దాల పని. ఆ మధ్యాహ్నం హెడ్‌ఫోన్లు తగిలించుకుని, బురదలో పడే బూటు చప్పుడు తుపాకీ మోత కింద ఎంత వినిపించాలో సరిచూస్తున్నాను. ఫోన్ వెలిగింది. చేసింది పలాసలో అత్తతోపాటు డయాలసిస్ చేయించుకునే ఆవిడ. ఒకప్పుడు జీడిపప్పు ఫ్యాక్టరీలో పనిచేసేది.

"అమ్మా, మేజరమ్మ ఎలిపోనాదమ్మా. పొద్దున్న సెంటర్‌కి రానేదు, ఫోనెత్తనేదు. నానే ఆటో ఎక్కి ఇంటికెల్లి సూసేను. నిద్దట్లోనే పోనాది. మొహం బాగున్నాదమ్మా, ఏటీ బాధ పడనేదు" అంది. ఆవిడ ఏడవలేదు. ఏడిస్తే గొంతెండిపోతుందని, నీళ్ళు కొలుచుకుని తాగేవాళ్ళు ఏడుపు కూడా ఆపుకుంటారని నాకు తెలుసు.

ఫోన్ పెట్టేశాక చూస్తే కంప్యూటర్లో శబ్దం ఇంకా నడుస్తూనే ఉంది. ఎవడో సైనికుడు బురదలో నడుస్తున్నాడు.

అత్త మా నాన్నకు అక్క. పూండి స్టేషన్లో దిగి సముద్రం వైపు వెళ్తే వచ్చే ఊరు మాది. అత్త టెక్కలిలో హాస్టల్లో ఉండి చదువుకుంది. నర్సు చదువు పూర్తిచేసి మిలటరీ ఆసుపత్రుల్లో చేరింది. అక్కడ నర్సులు కూడా ఆఫీసర్లే. మేజర్ హోదాలో రిటైరై తిరిగొచ్చి పలాస పక్కనే కాశీబుగ్గలో ఇల్లు తీసుకుంది. పెళ్ళి చేసుకోలేదు. ఎందుకని అడిగిన వాళ్ళకు "డ్యూటీ మారినప్పుడల్లా మొగుణ్ణి కూడా ట్రాన్స్‌ఫర్ సెయ్యమంటే గవర్నమెంట్ ఒప్పుకోనేదు" అని చెప్పేది. అన్నేళ్ళు హిందీ, ఇంగ్లీషు మాట్లాడినా రైలు దిగగానే ఆమె నోటికి ఊరి మాటే వచ్చేసేది.

తిరిగొచ్చిన కొన్నేళ్ళకు కిడ్నీలు పాడయ్యాయి. మా ఉద్దానం ప్రాంతంలో ఆ మాట వినని ఇల్లు లేదు. ఎందుకొస్తుందో ఇప్పటికీ ఎవరూ గట్టిగా చెప్పలేకపోతున్నారు. డాక్టరు చెప్పిన రోజు నేను పక్కనే ఉన్నాను. "ఇన్నేళ్ళు బయటే ఉన్నాను కదా, నన్నొగ్గేత్తాదనుకున్నానే గుంటా. ఎతుక్కుంటా వచ్చీసినాది" అని నవ్వింది. బయటికొచ్చాక మాత్రం ఆసుపత్రి గోడకు చెయ్యి ఆనించి కాసేపు నిలబడింది.

డయాలసిస్ మొదలయ్యాక ఆమె అలవాట్లు ఒక్కొక్కటే మారాయి. రోజుకు తాగాల్సిన నీళ్ళు పొద్దున్నే చిన్న స్టీలు చెంబులో పోసుకునేది. సాయంత్రానికి అందులో గుక్కెడు మిగిల్చి, అది తాగేముందు కళ్ళు మూసుకునేది. మారని అలవాటు ఒకటుంది. వార్డులో ఎవరైనా నీరసంగా "సిస్టరూ" అని పిలిస్తే, చేతికి సూదులున్నాయన్నది మరిచిపోయి లేవబోయేది. మిషన్ కీచుమని అరిచేది. నర్సు పరిగెత్తుకొచ్చి, "మేడమ్, మిమ్మల్ని కాదు, నన్ను" అనేది. అత్త సిగ్గుపడి మళ్ళీ వెనక్కి వాలేది. పిలిచినవాళ్ళ వైపే చూస్తుండేది, నర్సు వాళ్ళ దగ్గరికి చేరేదాకా.

ఫోన్లో ఆడే యుద్ధం ఆట ఆమెకు నేను నేర్పలేదు. పక్క మంచం మీదుండే రైతు నేర్పాడు. వజ్రపుకొత్తూరు వైపు కొబ్బరితోట ఉన్న మనిషి. కొడుకు ఫోన్లో ఎక్కించి ఇచ్చాడట. ఒకరోజు నేను వెళ్ళేసరికి అత్త, ఆ రైతు, ఫ్యాక్టరీ ఆవిడ, ముగ్గురూ దిండ్ల మీద ఫోన్లు ఆనించుకుని ఒకే జట్టుగా యుద్ధంలో ఉన్నారు. సూదులున్న చెయ్యి కదపకూడదు కాబట్టి రెండో చేత్తోనే ఆడాలి. నడిస్తే కాల్చలేరు, కాలిస్తే నడవలేరు. ఆ జట్టుకు అత్తే 'ఒంటిచేతి పటాలం' అని పేరు పెట్టింది. ఎక్కడెక్కడి కుర్రాళ్ళో వచ్చి వీళ్ళను పిట్టల్లా కాల్చేసేవారు. వీళ్ళు పడీపడీ నవ్వేవారు.

"తమ్ముడూ, కవర్ సెయ్! కవర్ సెయ్!" అని అత్త అరిచేది.

"ఏటి కవర్ సేత్తాను మేజరమ్మా, నాను సచ్చిపోయి సేనా సేపయినాది" అనేవాడు రైతు.

ఆ ఆటలో ఒంట్లో శక్తి తగ్గితే సీసాలో పానీయం తాగాలి. రైతుకు అన్నిటికన్నా ఇష్టమైన పని అదే. శక్తి నిండా ఉన్నా సరే, దొరికిన సీసాలన్నీ తన సైనికుడి చేత తాగించేవాడు. ఆ గటగటమనే చప్పుడు వచ్చేలా ఫోన్ సౌండు పెంచేవాడు. "సూడండి, ఎలాగ తాగుతన్నాడో, దొంగనాయాలు" అనేవాడు. ముగ్గురూ ఫోన్లు కింద పెట్టి ఆ చప్పుడు వినేవారు. నేను చేసేది శబ్దాల పనే. కానీ ఒక శబ్దాన్ని మనుషులు అంత ఆశగా వినడం అప్పుడే చూశాను.

అత్త ఎప్పుడూ వైద్యం చేసే సైనికుడినే ఎంచుకునేది. ఆ ఆటలో పడిపోయినవాడి దగ్గరికెళ్ళి బటన్ నొక్కి పట్టుకుంటే, కొన్ని సెకన్లలో వాడు దుమ్ము దులుపుకుని లేచి పరిగెడతాడు. అలా ఎవణ్ణయినా లేపిన ప్రతిసారీ అత్త మొహంలో ఒక వెలుగు కనిపించేది. ఒకసారి ఉండబట్టలేక అడిగాను.

"అత్తా, నువ్వు అన్నేళ్ళు మిలటరీలో ఉన్నావు కదా. ఇదంతా అబద్ధం అనిపించదా?"

"అబద్ధమే. అందుకే ఆడతన్నాను. తుపాకీ నిజం, బూటు నిజం, బురద నిజం. దెబ్బ తగిలినోడొక్కడే అబద్ధం" అంది. తర్వాత గొంతు తగ్గించి, "అందరూ లేస్తన్నారే. నా సేతులమీద అందరూ లేస్తన్నారు" అంది.

మా కంపెనీలో అప్పుడు తయారవుతున్నది కూడా యుద్ధం ఆటే, తెలుగు మాటలతో. అచ్చం నిజంలా ఉండాలన్నది మా టీమ్‌ను నడిపే ఆయన పట్టుదల. తుపాకుల శబ్దాలు కుదిరాయి, వాన కుదిరింది. గాయపడినవాళ్ళ గొంతులు మాత్రం కుదరలేదు. నాటకాలాడే వాళ్ళను పిలిపించి రికార్డు చేశాం. అవి తీసుకెళ్ళి అత్తకు వినిపించాను. ఒక్కటి విని హెడ్‌ఫోన్లు తీసేసింది.

"ఇలాగ అరవరే. అరిసే ఓపికున్నోడు బతుకుతాడు. మేం ముందు సూసేది అరవనోణ్ణి" అంది.

"మరి వాళ్ళేమంటారు?"

"ఏటంటారు? మామూలు మాటలే. బండి తాళం ఎక్కడెట్టేరని. ఊళ్ళో వాన పడినాదేటని."

పక్క మంచం మీంచి రైతు అందుకున్నాడు. "నాను సెప్తాను, రికార్డు సెయ్యమ్మా. సచ్చిపోయే యాక్టింగు మనకి సెప్పాలేటి!"

అలా ఆ మధ్యాహ్నం వార్డులోనే నా ఫోన్లో రికార్డు చేశాను. అత్త పక్కనుంచి చెబుతూనే ఉంది. "మెల్లగ. గుమ్మంలో కూకుని పెళ్ళాంతో అన్నట్టు అను" అని. రెండుసార్లు నవ్వొచ్చి ఆగిపోయాడు. మూడోసారి కుదిరింది. "వానొచ్చేలాగున్నాది. ఎండేసిన కొబ్బరి లోనెట్టేసినావేటి?" అన్నాడు. అంతే. ఫ్యాక్టరీ ఆవిడ నవ్వబోయి ఆగిపోయింది. రైతు మా మొహాలు చూసి, "ఏటి, బాగోనేదేటి?" అని అడిగాడు. అత్త చెంబులోంచి ఒక చుక్క నాలుక మీద వేసుకుంది.

ఆ మాట మా ఆటలో పెట్టాను. కానీ ఆఫీసులో ఆట పరీక్షించేవాళ్ళు ఆగి వినేవాళ్ళు కారు. సైనికుడు పడిపోతాడు, "వానొచ్చేలాగున్నాది" అంటాడు, మిగతా మాట పూర్తయ్యేలోపే ఆడేవాడు ముందుకు పరిగెత్తిపోతాడు. మా టీమ్ నడిపే ఆయన దాన్ని తీసేద్దామా అన్నాడు. నేను ఇంకొన్నాళ్ళు ఉంచమన్నాను.

ఆ కొన్నాళ్ళలోనే రైతు పోయాడు. జ్వరం వచ్చిందట, పలాస నుంచి శ్రీకాకుళం తీసుకెళ్తుంటే దారిలోనే అయిపోయింది. ఆ వారం నేను వెళ్ళేసరికి అతని మంచం మీద కొత్త మనిషి ఉన్నాడు. అత్త ఆట ముట్టుకోవడం లేదు. ఫోన్లో ఆమె జట్టులో అతని పేరు ఇంకా అలాగే ఉంది, ఆటలో లేరని చూపే బూడిదరంగులో.

"మీ ఆట సూపించు" అంది. ఇచ్చాను. ఒంటిచేత్తో నెమ్మదిగా నడిపించుకుంటూ పోయింది. వాన కురుస్తున్న వీధిలో ఒక సైనికుడు కూలిపోయాడు. "వానొచ్చేలాగున్నాది" అన్నాడు ఆ రైతు గొంతుతో. ఫ్యాక్టరీ ఆవిడ తన మంచం మీద తల అటు తిప్పేసుకుంది. అత్త అక్కడే ఆగింది. తెర మీద 'ముందుకు కదలండి' అన్న అక్షరాలు వెలిగి ఆరుతున్నాయి. అత్త కదల్లేదు. ఎక్కడినుంచో గుండు తగిలి ఆమె సైనికుడు కూడా పడిపోయాడు.

ఫోన్ దిండు మీద బోర్లా పెట్టింది. "ఒసే, ఈ ఆటలో పడిపోయినోణ్ణి లేపడానికి బటనున్నాది. ఆడి జేబులెతకడానికి బటనున్నాది. పక్కన కూకోడానికి నేదు" అంది.

"కూర్చుంటే ఏమొస్తుంది అత్తా ఆటలో?"

"ఏటీ రాదు. నిజంలో మాత్రం ఏటొత్తాది?"

అప్పుడు చెప్పింది. ఉద్యోగంలో ఉన్నంత కాలం జరిగినవేవీ ఇంట్లో ఎవరికీ చెప్పని మనిషి, ఆ ఒక్కటి చెప్పింది. కొండల్లో ఎక్కడో ఒక ఆసుపత్రి. ఒక కుర్రాణ్ణి తీసుకొచ్చారు. "సిస్టర్, నా బూట్లెవరు తీశారు" అని అడిగాడట. మంచం కింద ఉన్నాయని చెప్పిందట. నిజంగానే ఉన్నాయి. బురదగా ఉంటే పైవాళ్ళు ఊరుకోరు, పాలిష్ పెట్టమన్నాడు. ఆ కాసేపు వేరే పని లేకపోవడంతో అత్త అతని పక్కనే కూర్చుని బూట్లకు పాలిష్ పెట్టింది. అతను చూస్తూ, అటు కొంచెం, ఇటు కొంచెం అని చెబుతూ ఉన్నాడు.

"కాళ్ళు నేవే ఆడికి" అంది అత్త. "రెండోది పూర్తి సెయ్యకముందే పోనాడు. నాను పూర్తి సేసేను."

మిషన్ తిరుగుతూనే ఉంది. ఆమె రక్తం సన్నని గొట్టాల్లోంచి బయటికొచ్చి, మళ్ళీ లోపలికి పోతోంది.

ఆఫీసులో ఆ బటన్ సంగతి చెప్పినప్పుడు మా టీమ్ నడిపే ఆయన వెటకారం చెయ్యలేదు. "పగలంతా చాకిరీ చేసి ఇంటికొచ్చినవాడు సరదాకి మన ఆట తెరుస్తాడు. నిజం నిజం అని వెంటపడింది నేనే. కానీ అతన్ని ఏడిపించే హక్కు మనకుందా?" అన్నాడు. ఆ మాట తీసుకెళ్ళి అత్తకు చెప్పాను, ఆమె వాదిస్తుందనుకుని.

"ఆయన సెప్పింది కరెక్టే కదా" అంది అత్త. "నాను మాత్రం ఈ మంచం మీద ఏడవడానికి ఆడేనేటి? అందరిచేతా నొక్కించకండి. బటన్ ఉన్నాదని సెప్పకండి కూడా. ఓ మూల ఉండనీండి. కావలిసినోడు నొక్కుతాడు. ఒద్దనుకున్నోడు ఎలిపోతాడు. ఎలిపోయినోడు సెడ్డోడేటి? కాదు. మేమూ సేనామందిని ఒగ్గేసి ఎల్లేం, పక్కోణ్ణి బతికించాలని."

ఆ మాటతో ఆయన ఒప్పుకున్నాడు. మార్కులు రావు, గెలుపుకు పనికిరాదు, ఎక్కడా చెప్పం. పడిపోయినవాడి పక్కన మోకాలి మీద వంగినప్పుడు మాత్రం చిన్న గుర్తు కనిపిస్తుంది. అది నొక్కితే మన సైనికుడు తుపాకీ పక్కన పెట్టి కూర్చుంటాడు. అవతలివాడి మాట పూర్తిగా వినిపిస్తుంది.

ఒకటే మిగిలింది. ఆ గొంతు ఆటలో ఉంచడానికి రైతు భార్య ఒప్పుకోవాలి. అత్త తనూ వస్తానంది. ఇద్దరం ఆటోలో వెళ్ళాం. తోటలో చెట్ల కింద కాయలు రాలి అలాగే ఉన్నాయి, ఏరేవాళ్ళు లేక. రైతు భార్య వాకిట్లో చాప వేసి కూర్చోబెట్టింది. నేను విషయం చెప్పి, ఆమె చెవులకు హెడ్‌ఫోన్లు పెట్టాను. చుట్టూ కోడళ్ళు, ఇరుగుపొరుగు నిలబడ్డారు. వాళ్ళకేమీ వినిపించదు. ఆమె మొహమే చూస్తున్నారు.

ఫోన్లో రైతు మాట నడిచింది. హెడ్‌ఫోన్లు పెట్టుకున్నవాళ్ళకు తమ గొంతు ఎంత పెద్దదో తెలియదు. ఆమె గట్టిగా, వాకిలంతా వినిపించేలా, "ఎట్టేసినాను. ఎప్పుడో లోనెట్టేసినాను" అంది.

ఒక కోడలు కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. రైతు భార్య హెడ్‌ఫోన్లు తియ్యకుండానే నా వైపు తిరిగి, "మళ్ళీ ఎయ్యమ్మా" అంది. వేశాను. ఈసారి జవాబు చెప్పలేదు, విన్నదంతే. తీసి చేతికిస్తూ అంది: "ఉంచండి. ఆయనకి పదిమందిలో మాటాడ్డమంటే సరదా."

కాశీబుగ్గ చేరాక ఆటో దిగుతూ అత్త, "నువ్వు సేసే పని మంచిదో కాదో నాకు తెలీదే గుంటా. జాగర్తగా సెయ్" అంది. ఆ మాట నేను ఇప్పటికీ మోస్తున్నాను.

ఆట బయటికొచ్చింది. పెద్దగా పేరేమీ రాలేదు, నష్టమూ రాలేదు. తుపాకులు బాగున్నాయని అందరూ అన్నారు. ఏ బటన్ ఎన్నిసార్లు నొక్కారో మాకు ఆఫీసులో తెలుస్తుంది. ఆ చిన్న గుర్తును ఎక్కువమంది చూడనే లేదు. చూసినవాళ్ళలో కొందరు ఒకసారి నొక్కి, ఏమీ రాకపోవడంతో లేచి వెళ్ళిపోయారు. నేను పలాస వెళ్ళిన ప్రతిసారీ అత్త అడిగేది. "ఎవులైనా కూకున్నారేటి?"

"ఒకరిద్దరు అత్తా."

"సాలు."

ఒకసారి మాత్రం గొప్ప కబురు మోసుకెళ్ళాను. ఎవరో, ఏ ఊరో తెలియదు, యుద్ధమంతా ముగిసి తన జట్టు ఓడిపోయేదాకా ఆ పడిపోయినవాడి పక్కనే కూర్చున్నారు. చెప్పగానే అత్త పైకప్పు వైపు చూసింది. "డ్యూటీ అయిపోయినా ఎల్లబుద్ది కానేదేమో" అంది. తర్వాత ఫోన్ తీసుకుని చాలారోజుల తర్వాత పాత ఆట తెరిచింది. ఫ్యాక్టరీ ఆవిణ్ణి కేకేసింది. ఆ సాయంత్రం ఇద్దరూ మళ్ళీ ఒంటిచేతుల్తో నవ్వుకుంటూ చచ్చిపోతూ ఉన్నారు. నేను రైలుకు టైమైపోతున్నా గుమ్మంలో నిలబడి చూశాను. ఆమెను నేను చూడటం అదే ఆఖరు.

అత్తను మా ఊళ్ళోనే, సముద్రానికి దగ్గరగా ఉన్న ఇసుకనేలలో సమాధి చేశాం. చర్చి సంఘం వాళ్ళు పాట పాడారు. గాలికి పాట సగమే వినిపించింది. యూనిఫాంలో ఎవరూ రాలేదు, ఆమె రమ్మని కోరనూ లేదు. పాస్టరుగారు ప్రార్థన ముగించేసరికి రోడ్డు మీద ఒక ఆటో ఆగింది. ఫ్యాక్టరీ ఆవిడ, ఆమెతోపాటు వార్డులోని మరికొందరు దిగారు. మిషన్ మీంచి లేచి తిన్నగా వచ్చేశారు. ఒక్కొక్కరి చేతికీ దూది, దాని మీద ప్లాస్టరు. రక్తం మళ్ళీ రాకుండా రెండో చేత్తో దాన్ని అదిమి పట్టుకుని, ఇసుకలో కాళ్ళు కూరుకుపోతుంటే మెల్లగా నడుచుకుంటూ వచ్చారు.

తలా పిడికెడు ఇసుక వేశారు. జనం ఒక్కొక్కరే కదిలారు. వీళ్ళకు నిలబడే ఓపిక లేదు. సమాధి పక్కనే ఇసుక మీద కూర్చుండిపోయారు. ఇంటికెళ్దాం రండి, టీ తాగుదురుగాని అని మా నాన్న పిలిచాడు. తాగకూడదని వాళ్ళన్నారు. కాసేపు కూకుంటాం బాబూ, మీరెల్లండి అన్నారు.

తోట గట్టు మీదికెక్కాక వెనక్కి తిరిగి చూశాను. పొద్దు వాలిపోతోంది. వాళ్ళు అలాగే ఉన్నారు, చేతులు అదిమిపట్టుకుని. ఫ్యాక్టరీ ఆవిడ మట్టి వైపు వంగి ఏదో చెబుతోంది. గాలి ఇటు తిరిగినప్పుడు ఆ మాట నాదాకా వచ్చింది. "ఈయేళ సెంటర్లో కరెంటు పోనాది మేజరమ్మా, ఒకటే ఉక్క" అంటోంది. పక్కనున్న మనిషి వైపు తిరిగి ఏదో విని, మళ్ళీ మట్టి వైపు వంగి చెబుతోంది.